కలిసి చదవని చేతులు

ఒకే రోగి మంచం చుట్టూ వైద్యుడు, నర్సు, ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు నిలుస్తారు. వారి విద్యాభ్యాసం మాత్రం వేర్వేరు గోడల నడుమ సాగుతుంది. ఉద్యోగంలో చేరిన నాడు గాని ఒకరినొకరు ఎరుగని ఈ పద్ధతి రోగికి క్షేమకరం కాదని మేము భావిస్తున్నాము. రాత్రంతా రోగిని కనిపెట్టుకొని ఉండేది నర్సు. తాను గమనించినది ఉదయం వైద్యునితో చెప్పడానికి ఆమె జంకినా, చెప్పినప్పుడు ఆయన చెవిని పెట్టకపోయినా, ఫలితం అనుభవించేది రోగియే.

స్వీడన్ దేశపు లింషోపింగ్ నగరంలో 1986లోనే వివిధ ఆరోగ్యవృత్తుల విద్యార్థులకు ఉమ్మడి బోధన ఆరంభమైంది. 1996లో అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఒక ఎముకల వార్డును అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థి బృందాలకు అప్పగించారు. రోగికి స్నానం చేయించడం మొదలు ఇంటికి పంపే ఏర్పాటు వరకు భారం అందరిదీ. కాబోయే వైద్యుడు సైతం మంచంపై దుప్పటి మార్చవలసిందే! నర్సు పని ఎంతటిదో పాఠం విని తెలుసుకోవడం వేరు, చేసి తెలుసుకోవడం వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లోను, మరల 2010లోను ఇట్టి విద్యను సమర్థిస్తూ నివేదికలు వెలువరించింది. అయితే నాలుగు తరగతులను ఒకే హాలులో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చినంత మాత్రాన ఇది సిద్ధించదు. ఎవరి జట్టు వారిదే అవుతుంది. టైంటేబుళ్లు కుదరవన్న సాకు ఎలాగూ ఉన్నదే.

మన బైపీసీ విద్యార్థులలో పలువురు రేపు ఈ వృత్తులలో చేరేవారే. వృత్తి మార్గదర్శక సభలకు వైద్యుని ఒక్కరినే ఆహ్వానించక, ఒక నర్సును, ఒక ఫార్మసిస్టును అదే వేదికపై, అదే వరుసలో కూర్చుండబెట్టవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి.