ఈవ్ ఆన్‌లైన్‌లో ముందు స్పీడ్, తర్వాతే రేంజ్

ఈవ్ ఆన్‌లైన్‌లో షిప్ పేలితే పోయినట్టే, మళ్లీ కొనుక్కోవాల్సిందే. అందుకే ఒంటరిగా ఆడేవాళ్లు లాంగ్ రేంజ్ గన్స్ మోజులో పడొద్దంటాను. నా ఓటు స్పీడ్‌కే. మా బసంత్‌నగర్ దగ్గర రాజీవ్ రహదారి మీద చూడండి: లారీకి దగ్గరగా ఉండాలా, దాటిపోవాలా అన్నది బైకువాడి ఇష్టం. ఇక్కడా అంతే, దూరాన్ని డిసైడ్ చేసేది స్పీడున్న షిప్పే.

అలాగని స్పీడొక్కటే చాలదు. వార్ప్ స్క్రాంబ్లర్ 2 రేంజ్ మామూలుగా 9 కి.మీ. దానికి చిక్కితే మైక్రోవార్ప్‌డ్రైవ్ ఆగిపోతుంది. మనం ఎదుటోణ్ణి పారిపోకుండా పట్టి ఉంచే వార్ప్ డిస్రప్టర్ 2 రేంజేమో 24 కి.మీ. ఈ రెంటి మధ్య దెబ్బ తగిలే గన్స్ చాలు. 60 కి.మీ. కొట్టే గన్ ఉన్నా, అంత దూరంలో వాడు తప్పించుకుపోతాడు.

లండన్ సర్వర్‌కి పింగ్ ఎక్కువ కదా అంటారా? సర్వర్ సెకనుకోసారే లెక్కేస్తుంది, భయం లేదు. మీ ఫిట్టింగ్ ఏంటి మరి?