హైబ్రిడ్ కార్ల బ్రేకులు - మన మెకానిక్కుల హక్కు

మన కుటుంబాలలో అనేకమందికి రెండు మూడు తరాలుగా అన్నం పెడుతున్న వృత్తి మోటారు మరమ్మతు. ముస్లిం శ్రామికులలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారు ఇతర వర్గాలలో కంటే అధికమని 2006లో సచార్ కమిటీ నివేదించింది. షెడ్డు మూతపడితే నెల జీతం ఆదుకునే ఇళ్ళు కావు మనవి. అందుచేత కార్లలో వస్తున్న మార్పు మన సమాజానికి సంబంధించిన విషయమే.

భోగాపురం పదహారో నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన విమానాశ్రయం కారణంగా ఇక్కడికి టాక్సీల రాకపోకలు పెరగక మానవు. 2022 నుంచి గ్రాండ్ విటారా, హైరైడర్, హైక్రాస్ వంటి హైబ్రిడ్ కార్లు మార్కెట్టులోకి వచ్చాయి. వాటి బ్రేకులు పాత పద్ధతిలోనివి కావు. పెడలు నొక్కగానే మొదట మోటారే కారు వేగాన్ని తగ్గించి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. మిగిలిన పనిని కంప్యూటరు ఆజ్ఞతో ప్యాడ్లు చేస్తాయి. కొన్ని కార్లలో డ్రైవరు తలుపు తీసినంతనే బ్రేకు పంపు తిరుగుతుంది. ఆ వ్యవస్థను స్కానర్‌తో నిద్రపుచ్చకుండా క్యాలిపర్ విప్పితే పిస్టన్ బయటికి తోసుకువచ్చి వేళ్ళు నలగవచ్చు. ఎలక్ట్రిక్ హ్యాండు బ్రేకును సర్వీసు స్థితిలో పెట్టడానికీ, ఆయిలు మార్చి గాలి పూర్తిగా తీయడానికీ చాలా మోడళ్ళలో స్కానరే శరణ్యం.

ప్యాడ్లు తక్కువగా అరుగుతాయి గనుక ఈ బ్రేకులను చూడనవసరం లేదని కొందరు భావిస్తున్నారు. సముద్రతీరంలో ఈ భావన ప్రమాదకరం. వాడుక తగ్గిన డిస్కులకు ఉప్పుగాలి వల్ల తుప్పు పడుతుంది, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది.

కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ స్కానర్ సాధారణంగా ఇంజను లోపాలను చదివి ఊరుకుంటుంది, బ్రేకు కంప్యూటరుకు ఆదేశం ఇవ్వలేదు. కంపెనీది కాని పరికరం కొనేవారు ఏబీఎస్, హ్యాండు బ్రేకు సర్వీసు, గాలి తీసే పని మూడూ దానిలో ఉన్నాయా అని విచారించాలి. మన దేశంలో అమ్ముడైన కారుపైనే పెట్టి చూపమని అడగాలి. ఏటా అప్‌డేటుకు అయ్యే ఖర్చును ముందే తెలుసుకోవాలి.

బ్రేకులు ప్రాణాలతో ముడిపడినవి గనుక బయటి షెడ్లకు అప్పగించరాదని కంపెనీలు వాదించవచ్చు. ప్రాణభయం నిజమే. కాని పరికరం దొరకక అంచనాతో పనిచేసే షెడ్డు వల్ల ఆ భయం పెరుగుతుందే గాని తగ్గదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలనూ, లోపాలు కనిపెట్టే పరికరాలనూ స్వతంత్ర మెకానిక్కులకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. జరిమానాపై కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వాహనాలకూ చోటు దక్కింది. అయితే పోర్టల్ సమాచారం ఇవ్వగలదే గాని చట్టానికి సాటి కాదు.

ప్రభుత్వ కార్యాలయాలలో కాగితాలు నడిపినవాడిగా ఒక మాట చెబుతాను. ఒంటరి విన్నపం ఫైలులోనే మిగిలిపోతుంది. పది షెడ్లవారు సంఘంగా ఏర్పడి, ఆ ఆదేశాన్ని ఉటంకిస్తూ సంతకాలతో వినతిపత్రం ఇస్తే జవాబు చెప్పక తప్పదు. మైనారిటీ ఆర్థిక సంస్థ రుణాలలో స్కానర్‌ను పనిముట్టుగా గుర్తించాలని, హైబ్రిడ్ బ్రేకులపై స్వల్పకాలిక శిక్షణ ఐటీఐలలో పెట్టాలని కోరాలి. అంతవరకు నాలుగైదు షెడ్లు కలిసి ఒక మంచి స్కానర్ కొనుక్కోవచ్చు. శిక్షణా, పరికరమూ లేని పక్షంలో ఆ బ్రేకును ముట్టకుండా తెలిసినచోటికి పంపడమే మెకానిక్ ధర్మం. ఆ నిజాయితీ ఉన్నవాడు హక్కును అడిగినప్పుడు ఎవరూ కాదనలేరు.