ఒకటో తరగతికి ముందు మనిషి కావాలి

"బడికి స్మార్ట్ టీవీ వచ్చిందిగా, ఇంక కొండ మీది పిల్లలకీ పట్నం చదువే" అన్న మాట గుమ్మలక్ష్మీపురంలో టీకొట్టు దగ్గర విన్నాను, పార్వతీపురంలో మీటింగుల్లోనూ విన్నాను. అనేవాళ్లలో ఎక్కువమంది పిల్లల మేలు కోరేవాళ్లే. అందుకే ఈ మాటకి గట్టిగా అడ్డం చెప్పాలనిపిస్తోంది. ఒకటి, రెండు తరగతుల విషయంలో ఇది తప్పు. ఇంట్లో గిరిజన భాషలైన సవరో కువియో మాట్లాడి, బడిలో తెలుగు వినే పిల్లల విషయంలో మరీ తప్పు.

ఆ మధ్య గుమ్మలక్ష్మీపురం మండలంలోనే ఒక కొండ ఊరి బడికి వెళ్లాను. ఊరు పేరు ఇక్కడ అక్కర్లేదు. ఒకే మేస్టారు, ఐదు తరగతులు. ఆయన పెద్ద పిల్లలకి లెక్కలు చెబుతుంటే, చిన్నవాళ్లు టీవీ ముందు కూచుని జంతువుల పాట పాడుతున్నారు. చేతులు ఊపుతున్నారు, గంతులేస్తున్నారు. ముచ్చటగానే ఉంది. పాట అయ్యాక ముందు వరసలోని పిల్లని, "ఏనుగు ఏం చేసిందమ్మా?" అని అడిగాను. నా మొహం చూసి నవ్వి ఊరుకుంది. పక్కనున్న మూడో తరగతి కుర్రాడు అదే మాట సవరలో అడిగాడు. అంతే, ఆ పిల్ల లేచి నిలబడి, చేతులు బారచాపి చెప్పడం మొదలెట్టింది. చేలో పడ్డ ఏనుగుల గుంపు, రాత్రంతా కాగడాలు పట్టుకుని ఊరు ఊరంతా మేలుకుని ఉండటం, వాళ్ల తాత కేకలు. కుర్రాడు నాకు ముక్కముక్కగా తెలుగులో చెప్పాడు. పాటలోని ఏనుగు గురించి మాత్రం ఆ పిల్లకి ఒక్క ముక్క తెలీదు. నోటితో పాడిందంతే.

ఆ పూట అక్కడ పాఠం చెప్పినవాడు ఆ మూడో తరగతి కుర్రాడే అని నా నమ్మకం.

ఒకటో తరగతిలో జరగాల్సిన పని ఏమిటో ఒకసారి చూద్దాం. నోట్లో ఉన్న మాటకి పలక మీద ఒక గుర్తు ఉంటుందని పిల్లకి తెలియాలి. ఆ మాట ముందే నోట్లో ఉండాలి. తెలుగింటి పిల్ల "అమ్మ" అన్న అక్షరాలు చూసినప్పుడు, తెలిసిన అమ్మే అక్కడ కనబడుతుంది. సవర పిల్లకి కనబడేది కొత్త గీతలు, కొత్త శబ్దం, రెండూ ఒకేసారి. సవర మన ద్రావిడ కుటుంబంలోది కూడా కాదు, ముండా భాషల్లోది. కువి ద్రావిడ భాషే అయినా తెలుగు వచ్చినంత మాత్రాన అర్థమయ్యేది కాదు. ఇంత దూరం దాటించాలంటే, పిల్ల ఎక్కడ ఆగిందో చూసి అక్కడికి వెళ్లి చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. టీవీకి పిల్ల మొహం కనబడదు. అర్థమైనా కాకపోయినా దాని పాట అది పాడుకుంటూ పోతుంది.

లెక్కల సంగతీ అంతే. సవరలో పాత లెక్క పన్నెండు మీద నడుస్తుంది. పన్నెండుని మిగ్గల్ అంటారు. పదమూడు అనాలంటే పన్నెండూ ఒకటి అన్నట్టు చెబుతారు, పంతొమ్మిదికి పన్నెండూ ఏడు. ఆ పైన ఇరవైల లెక్క. ఇప్పటి పిల్లలు చాలామంది తెలుగు అంకెలే వింటున్నారు, నిజమే. కానీ అవ్వ పక్కన కూచుని ఆ పాత లెక్క విన్న పిల్ల ఒక్కతి ఉన్నా, పదిని ఒక కట్టగా కట్టి పదమూడు చూపించే బొమ్మ ఆమెని తికమక పెడుతుంది. ఈ సంగతి తెలిసిన మేస్టారు గుప్పెడు చింతపిక్కలు పోసి, ముందు పన్నెండు పోగు పెట్టించి, తర్వాత అందులోంచి పది విడదీయించి, తేడా చేతికి తెలిసేలా చేస్తాడు. ఆ పనికి కరెంటు అక్కర్లేదు, ఆ పిల్ల ఇంటి లెక్క తెలిసి ఉండాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఇక్కడికి ఎంతో దూరం లేని పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి నూరేళ్ల కిందటే చేసి చూపించారు. మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు వాడుక భాష కోసం పోరాడిన గిడుగుని తలుచుకుంటాం. సవరల కోసం కొండలు తిరిగిన గిడుగుని అంతగా తలుచుకోం. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన ముందు తాను ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ల భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడి పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఆ కొండల్లో మలేరియా పట్టి, క్వినైన్ వాడి, చెవుడు తెచ్చుకున్నారు. పిల్లకి పాఠం చెప్పబోయే ముందు పిల్ల భాష నేర్చుకోవాలని ఆయనకి ఎవరూ సర్క్యులర్ పంపలేదు.

"అప్పటి రోజులు వేరు" అనేవారికి మొన్నటి రోజులు గుర్తు చేస్తాను. 2020లో కరోనాకి బడులు మూసేశాక, ఒకటి నుంచి తొమ్మిది తరగతుల దాకా దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పాఠాలు వచ్చాయి. తెర చదువు చెప్పగలిగితే అంతకన్నా మంచి అవకాశం ఏముంది? దేశమంతటా అసర్ అనే చదువుల సర్వే చేసినవాళ్లు పల్లెల్లో మూడో తరగతి పిల్లల చేత రెండో తరగతి పాఠం చదివించి చూశారు. 2018లో 27.3 శాతం మంది చదివారు. 2022కి అది 20.5 శాతానికి పడిపోయింది. బడులు తెరిచాక, 2024కి మళ్లీ 27.1కి చేరింది. మధ్యలో లేకుండా పోయిందీ, తిరిగి వచ్చిందీ మేస్టారే.

బయటి దేశాల అనుభవమూ ఇదే. పెరూ దేశంలో పల్లె బడి పిల్లలకి లాప్‌టాప్‌లు పంచి, 319 బడుల్లో ఫలితం కొలిచారు. 2012లో వచ్చిన ఆ అధ్యయనంలో లెక్కల్లోనూ భాషలోనూ పెరుగుదల కనబడలేదు. స్వీడన్ డబ్బుకి కొదవలేని దేశం, చిన్న పిల్లల చేతికి ముందుగా తెరలిచ్చింది. 2023లో వెనక్కి తిరిగి అచ్చు పుస్తకాలకి డబ్బు కేటాయించింది.

ఎదుటి పక్షానికీ బలమైన సాక్ష్యం ఉంది, దాచను. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం 2015లో ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన ప్రయోగంలో పిల్లలు బాగా లాభపడ్డారు. అయితే వాళ్లలో దాదాపు అందరూ ఆరు నుంచి తొమ్మిది తరగతులవాళ్లు. ఎవరు ఎక్కడ వెనకబడ్డారో చూసి అక్కడి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్ అది, పక్కన చెప్పే మనుషులూ ఉన్నారు. అదే మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 100 పల్లె ప్రాథమిక బడులకి ఒక్కో కాంట్రాక్టు టీచర్ని అదనంగా ఇచ్చి రెండేళ్లు చూశారు. అక్కడి పిల్లలు తెలుగులోనూ లెక్కల్లోనూ మిగతా బడుల పిల్లల్ని దాటారు. ఒక్క మనిషి అదనంగా వస్తే ఏమవుతుందో మన నేల మీదే కొలిచిన లెక్క ఉండగా, చిన్న పిల్లల బడికి ముందు టీవీ ఎందుకు గుర్తొస్తోంది మనకి?

"గిరిజన పిల్లలకి టెక్నాలజీ వద్దంటావా, వాళ్లని అడవిలోనే ఉంచుతావా?" అని ఒక మిత్రుడు కోపంగా అడిగాడు. ఆ కోపం న్యాయమైనదే. హైస్కూలు పిల్లలకి, గురుకులాల పిల్లలకి మంచి కంప్యూటర్లు, ఆగని నెట్టు, నేర్పే టీచరు కావాలి. పట్నం పిల్లలకి తీసిపోకుండా ఇవ్వాలి. నేను మాట్లాడేది ఆరేడేళ్ల పిల్లల గురించి. చదవడం వచ్చిన పిల్లకి తెర ఒక కిటికీ. చదవడం రాని పిల్ల ముందు అదే తెర పెట్టి, టీచరు లేని లోటు తీరిందనుకుంటే, ఆ పిల్ల పెద్ద తరగతిలో కంప్యూటరు ముందు కూచున్నా ఏమీ చదవలేదు. అడవిలో ఉంచేయడమంటే అదే.

పైగా కంపెనీలు వస్తాయి, పోతాయి. 2022 జూన్‌లో నాలుగు నుంచి పదో తరగతి దాకా పాఠాల కోసం మన రాష్ట్ర ప్రభుత్వానికి బైజూస్ అనే కంపెనీతో ఒప్పందం అయింది, అదే డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు అందాయి. 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కొండ ఊళ్లో పుట్టి పెరిగి అక్కడే బడి చెప్పే మనిషి అలా మాయమైపోడు.

అలాంటి మనుషుల కోసం మనం ఒకప్పుడు దారులు వేసుకున్నాం. 2000 జనవరిలో వచ్చిన మూడో నంబరు జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు సరేననుకున్నా, దాని వల్ల ఒకటో తరగతి పిల్ల కోల్పోయేది ఏమిటో ఎవరైనా ఆలోచించాలి. 2004లో సవర, కువి సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, చిన్న తరగతుల వాచకాలు మొదలయ్యాయి. ఆ తోవలోనే వచ్చిన మాతృభాషా వాలంటీర్లు ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూస్తూ బతుకుతున్నారు. టీవీకి బిల్లు చెల్లిపోతుంది. సవర వచ్చిన అమ్మాయికి జీతం మాత్రం ఏటా కొత్తగా అడుక్కోవాల్సి వస్తోంది.

టెక్నాలజీ ఈ బడిలో అసలు వద్దని నేను అనను. అది మేస్టారి చేతిలో ఉండాలి. ఆయన ఫోనులో ఊరి అవ్వ చెప్పిన కథ రికార్డు చేసి పిల్లలకి వినిపించొచ్చు. తెలుగు మేస్టారు సవర మాటలు పలికే తీరు రాత్రిళ్లు విని నేర్చుకోవచ్చు. ఇప్పుడు ఆ ఫోను ఏం చేస్తోంది? 2022 ఆగస్టు నుంచి మేస్టారి మొహం చూసి హాజరు వేసుకుంటోంది, భోజనం ఫోటోలు అడుగుతోంది. సిగ్నలు కోసం మేస్టారు గట్టెక్కి నిలబడ్డ ఆ కాసేపూ ఐదు తరగతుల పిల్లలకీ ఎవరూ లేరు.

పార్వతీపురం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి, విద్యాశాఖకి నా విన్నపం ఒక్కటే. గుమ్మలక్ష్మీపురం మండలంలో సవర, కువి పిల్లలు చేరే ప్రతి బడిలోనూ, జూన్‌లో బడి తెరిచే మొదటి రోజుకే, వాళ్ల భాష వచ్చిన మనిషి జీతం ఆర్డరుతో సహా గదిలో ఉండాలి. ఆ ఆర్డరు మీద సంతకం అయ్యాక టీవీల ఫైలు తెరవండి.