‘శ్రద్ధ లేదు’ అన్న తీర్పు రద్దు కావాలి: మా ప్రణాళిక

మేము ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, ఆవేశాన్ని ఆపుకోవడం కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల తల్లిదండ్రులం. ఆ పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లం. పెళ్ళయి, పిల్లలు పుట్టి, నలభై దాటాక తమకూ అదే ఉందని తెలుసుకున్నవాళ్ళం కూడా మాలో ఉన్నాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మా అందరికీ ఒకే మాట తగిలింది. ప్రోగ్రెస్ కార్డు కింది గడిలోనూ, పేరెంట్స్ మీటింగులోనూ, పెళ్ళిళ్ళలో బంధువుల నోటా అదే మాట: ‘తెలివైనవాడే, శ్రద్ధ లేదంతే.’ ఏ పరీక్షా చెయ్యకుండా, ఏమీ అడక్కుండా ఇచ్చేసిన తీర్పు ఇది. పిల్లలు దాన్ని నమ్మేస్తారు. నమ్మి, తమకు బద్ధకమనీ తాము చెడ్డవాళ్ళమనీ అనుకుంటూ పెరుగుతారు. ఆ తీర్పును రద్దు చేయించడానికే ఈ ఉద్యమం.

ధ్యాస ఒక్క వస్తువు కాదు. కావాలనుకుంటే పెట్టి, వద్దనుకుంటే తీసేసేది అంతకన్నా కాదు. మనసు చేసే అనేక పనులు కలిస్తే ధ్యాస. అందులో ఏ పని దగ్గర ఇబ్బంది వస్తోందో చూడకుండా మనిషి గుణం మీద మాట అనే హక్కు బడికి లేదు, ఇంటికి లేదు, ఆస్పత్రికీ లేదు. మా ప్రణాళిక అంతా ఈ మాట మీదే నిలబడుతుంది.

మా ఇళ్ళల్లో రోజూ జరిగేదే చూడండి. సాయంత్రం వంటింట్లోంచి అమ్మ కేకేస్తుంది. “ఒరేయ్ చిన్నా, మేడ మీదికెళ్ళి ఆరేసిన బట్టలు పట్రా. వచ్చేటప్పుడు మోటారు ఆపెయ్. తాతయ్య కళ్ళజోడు పైగదిలో ఉండిపోయింది, అది కూడా.” తొమ్మిదేళ్ళవాడు “సరేనమ్మా” అని రెండేసి మెట్లు దూకుతూ పైకి పోతాడు. పక్కింటి పిట్టగోడ మీద పిల్లిపిల్ల ఉంటుంది. కాసేపటికి కిందికి దిగుతాడు, చేతిలో బట్టల క్లిప్పు ఒక్కటే. మేడ మీద ట్యాంకు పొర్లి నీళ్ళు గోడవెంట కారుతుంటాయి. “ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? వినబడదా?” “వినబడిందమ్మా” అంటాడు వాడు, బిక్కమొహం వేసుకుని.

వాడు చెప్పింది నిజం. విన్నాడు, అర్థం చేసుకున్నాడు, చెయ్యాలనే వెళ్ళాడు. మూడు పనుల్ని మెట్లెక్కేంతసేపు మనసులో పట్టి ఉంచుకోవాలి, అవి అక్కడ జారిపోయాయి. ఆ పట్టి ఉంచే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. దాని నిర్మాణం ఎలా ఉంటుందో 1974లో బ్రిటన్‌లో అలన్ బాడ్‌లీ, గ్రాహమ్ హిచ్ ప్రతిపాదించారు. పిల్లిపిల్ల కనబడినా అటు పోకుండా తనను తాను ఆపుకోవడం ఇంకో శక్తి. అటు పోయిన మనసును మళ్ళీ మొదటి పనికి తిప్పుకోవడం మూడోది. 2000లో అకీరా మియాకే బృందం 137 మంది కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, మనసులో ఉన్నదాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకోవడం, ఆపుకోవడం, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం అనే ఈ మూడూ ఒకదానికొకటి సంబంధం ఉన్నవే, అయినా విడివిడి శక్తులు. ఒకదాంట్లో గట్టివాళ్ళు ఇంకోదాంట్లో తడబడవచ్చు. మనం మాత్రం మూడింటికీ కలిపి ఒకే తిట్టు తిడుతున్నాం. మొదటిదే ఇబ్బందైతే ఒక చీటీ మీద రాసిస్తే సరిపోతుంది. రెండోదైతే కూర్చునే చోటు మార్చాలి. మూడోదైతే మధ్యలో ఎవరో ఒకరు మెల్లగా గుర్తుచెయ్యాలి. తిట్టు ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ పనికిరాదు.

తెలుగువాళ్ళకు ఈ విషయం బాగా తెలిసి ఉండాలి. అష్టావధానం చూసినవాళ్ళెవరైనా ఒకసారి గుర్తుచేసుకోండి. నిషిద్ధాక్షరిలో ప్రశ్నలడిగే పృచ్ఛకుడు ప్రతి అక్షరం తర్వాతా ఫలానా అక్షరం వాడకూడదంటాడు. నాలుక చివరికి వచ్చేసిన మాటను అవధాని అక్కడికక్కడే వదిలేసి, ఛందస్సు తప్పకుండా ఇంకో మాట వెతుక్కోవాలి. అదంతా ఆపుకోగలగడానికి పరీక్ష. దత్తపదిలో ఇచ్చిన పదాలను వదలకుండా మనసులో పెట్టుకుని పద్యం అల్లాలి. ఒక పృచ్ఛకుడి దగ్గర ఒక పాదం చెప్పి రెండోవాడి దగ్గరికి, అక్కణ్ణుంచి మూడోవాడి దగ్గరికి పోయి, మళ్ళీ మొదటి పద్యాన్ని ఆపిన చోటే అందుకోవాలి. మధ్యమధ్యలో కొట్టే గంటలు లెక్కపెట్టాలి. ఇక అప్రస్తుత ప్రసంగి ఉన్నదే అవధాని మనసును చెదరగొట్టడానికి. ఇవన్నీ అయ్యాక ధారణ: పూర్తయిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యను జనం మధ్యకు తెచ్చారు. ఒక్కో అంశాన్నీ విడదీసి పరీక్షించే పద్ధతి మన సభల్లో ఎప్పణ్ణుంచో ఉంది. ఏళ్ళ తరబడి సాధన చేసిన పండితుడి దగ్గర ఇన్ని శక్తుల్ని విడివిడిగా గుర్తించి చప్పట్లు కొడతాం. అరవై మంది పిల్లలున్న గదిలో, తిరిగే ఫ్యాను కింద, పక్కవాడి గుసగుసల మధ్య, బోర్డు మీది లెక్కను నోట్‌బుక్కులోకి దించుకునే ఆరో తరగతి పిల్లవాడి మనసు కూడా ఇవే పనులు చెయ్యాలి. వాడి దగ్గర మాత్రం ‘శ్రద్ధ’ అనే ఒక్క గడి పెట్టి తప్పు కొట్టేస్తాం. (అవధానం నేర్పిస్తే ఏడీహెచ్‌డీ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మేము ఆ మాట అనడం లేదు.)

ఈ ఇబ్బందిని ప్రపంచం ఎలా అర్థం చేసుకుంటూ వచ్చిందో కూడా తెలియాలి. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ప్రసంగాలిచ్చాడు. తెలివి తక్కువేం కాని ఆ పిల్లల్లో నైతిక నియంత్రణ లోపించిందన్నాడు. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ తన ఆస్పత్రి పిల్లలకు బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చి చూస్తే, వాళ్ళలో చాలామంది చదువు ఉన్నట్టుండి మెరుగైంది. గుణానిదే లోపమైతే మాత్రతో ఎలా మారుతుంది? కెనడాలో వర్జీనియా డగ్లస్ 1972లో అసలు చిక్కు ధ్యాసను నిలపడంలోనూ ఆవేశాన్ని ఆపుకోవడంలోనూ ఉందని వాదించింది. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగనిర్ణయ గ్రంథం ఈ ఇబ్బంది పేరులోకే ధ్యాసను తెచ్చింది. నీతి నుంచి ధ్యాసదాకా రావడానికి వైద్యశాస్త్రానికి 78 ఏళ్ళు పట్టింది. మన స్టాఫ్‌రూముల్లో ఇంకా 1902 నడుస్తోంది.

2007లో ఫిలిప్ షా బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లల మెదళ్ళనూ, లేని 223 మంది పిల్లల మెదళ్ళనూ స్కాన్లలో పోల్చి చూసింది. మెదడు పైపొర మందం ఎదిగే వరస రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. పొరలో సగభాగం గరిష్ఠ మందానికి చేరే వయసు మాత్రం మామూలు పిల్లల్లో ఏడున్నర, వీళ్ళలో పదిన్నర. వెనకబడ్డ భాగాల్లో ముఖ్యమైనది నుదురు వెనక ఉండే ప్రాంతం. ఇందాక చెప్పిన ఆపుకోవడం, పట్టి ఉంచడం ఎక్కువగా నడిచేది అక్కడే. పదేళ్ళ పిల్లణ్ణి తోటివాళ్ళతో పోల్చి సిగ్గుపడమనే ముందు ఈ సంగతి గుర్తుండాలి. కవలల మీద జరిగిన అధ్యయనాలు మనుషుల మధ్య ఈ విషయంలో కనబడే తేడాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు వంశపారంపర్యానివేనంటున్నాయి. ‘వీళ్ళ నాన్నా చిన్నప్పుడు ఇంతే’ అని నాయనమ్మలు అంటుంటారు. ఆ మాట కొట్టిపారేయాల్సింది కాదు, డాక్టరుకు చెప్పాల్సింది.

‘మరి క్రికెట్ మూడు గంటలు కదలకుండా చూస్తాడుగా!’ మాకు ఎక్కువగా ఎదురయ్యే వాదన ఇదే. దీనికి నిలబడి జవాబు చెప్పాలి. ఏడీహెచ్‌డీలో ధ్యాస మొత్తంగా లేకపోవడం ఉండదు. ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టుకునే పట్టు తక్కువ. క్రికెట్‌లో ప్రతి బంతికీ ఏదో ఒకటి జరుగుతుంది, ఫలితం అప్పుడే కళ్ళ ముందుంటుంది. చరిత్ర పాఠం ఫలితం మూడు నెలల తర్వాత వచ్చే మార్కు. దూరంగా ఉన్న ఫలితం కోసం ఇప్పుడు ఓపిక పట్టడం ఈ మనసులకు మిగతావాళ్ళకన్నా చాలా కష్టమని ఎడ్మండ్ సోనుగా-బార్క్ వంటి పరిశోధకులు చూపించారు. కాబట్టి క్రికెట్ చూస్తున్నాడంటే లెక్కల దగ్గర నటిస్తున్నాడని అర్థం కాదు. ఇంటిపనిని చిన్న ముక్కలు చేసి, ముక్క అయిన వెంటనే చూసి మెచ్చుకుంటే కొంత దారి దొరుకుతుంది.

కుదురుగా లేని ప్రతి పిల్లకూ ఏడీహెచ్‌డీ ముద్ర వెయ్యడాన్ని మేము అంతే గట్టిగా వ్యతిరేకిస్తాం. నిర్ధారించాలంటే లక్షణాలు 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలు నిలవాలి, బడి, ఇల్లు వంటి రెండు చోట్లయినా కనబడాలి. చూపు, వినికిడి, రక్తహీనత, నిద్ర, డిస్‌లెక్సియా, ఇంట్లో గొడవలు, భయం అన్నీ చూడాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పిల్లల్ని క్యాలెండర్ సంవత్సరం ప్రకారం బళ్ళో వేస్తారు. అక్కడ 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఒకే తరగతిలో జనవరిలో పుట్టిన మగపిల్లలకన్నా డిసెంబరులో పుట్టినవాళ్ళకు ఈ ముద్ర పడే అవకాశం 30 శాతం ఎక్కువ. అంటే చిన్నతనాన్నే జబ్బనుకున్న సందర్భాలున్నాయి. రెండున్నరేళ్ళకే నర్సరీలో వేసి, సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ ముందుకు జరిపే మన ఊళ్ళల్లో ఈ ప్రమాదం ఎంత ఉంటుందో ఆలోచించండి.

తల్లిదండ్రుల ఆందోళన మీద వ్యాపారం చేసేవాళ్ళతో మాకు రాజీ లేదు. వేలిముద్రలు చూసి బిడ్డ తెలివి చెబుతామన్నా, కళ్ళకు గంతలు కట్టి చదివిస్తామంటూ మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ కోర్సులు అమ్మినా, వాటికి శాస్త్రాధారం లేదు. బడి ఆవరణలో వాటికి చోటివ్వకూడదు.

మందు విషయంలో స్పష్టంగా ఉందాం. 1999లో ఫలితాలు వెలువడిన అమెరికా అధ్యయనంలో 579 మంది పిల్లల్ని 14 నెలలు గమనించారు. జాగ్రత్తగా మోతాదు చూసుకుంటూ ఇచ్చిన మందు, ప్రవర్తన శిక్షణ ఒక్కదానికన్నా ప్రధాన లక్షణాల మీద బాగా పనిచేసింది. రెండూ కలిపి ఇచ్చినచోట చదువు, ఇంటి సంబంధాలు వంటివాటిలో అదనపు మేలు కనబడింది. ముఖ్యమైన మందు మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. డాక్టరు మందుల చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, మందుల షాపు ఒక ప్రతిని రెండేళ్ళు దాచాలి. దుర్వినియోగం జరగకుండా పెట్టిన ఈ నియమాన్ని తీసెయ్యమని మేము అడగం. కానీ చిన్న ఊళ్ళ షాపులు ఈ తలనొప్పి ఎందుకని దాన్ని తెప్పించడం లేదు. నెలనెలా బస్సెక్కి పెద్ద నగరానికి పోలేని తల్లి మందు ఆపేస్తోంది. ప్రతి జిల్లా ఆస్పత్రి ఫార్మసీలోనూ ఆ మందు ఉండాలి. మందు వేయించాలా వద్దా అన్నది ఆ కుటుంబం డాక్టరుతో కలిసి తేల్చుకోవాల్సిన విషయం. ‘పిల్లాడికి మత్తుమందు అలవాటు చేస్తున్నారు’ అని తల్లిని నిందించే హక్కు ఊరికి లేదు.

చట్టంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకాల్సిన 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ ఒకటి. అంటే అది ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాత్రం దాని పేరు లేదు. ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి, ఇది లేదు. వెతికి పట్టుకున్న బిడ్డకు పరీక్షలో అదనపు సమయం అడిగితే ఏ సర్టిఫికెట్ చూపించాలి? కేంద్రం ఆ జాబితాను సవరించాలి. అది జరిగేదాకా పదో తరగతి, ఇంటర్ బోర్డులు డాక్టరు ధ్రువీకరించిన విద్యార్థులకు అదనపు సమయం, తక్కువ మంది ఉండే గది, మధ్యలో అయిదు నిమిషాలు లేచి తిరిగే వీలు ఇవ్వాలి. రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారకముందు మొదలై రాత్రి పదిదాకా నడిచే స్టడీ అవర్ల మీద పరిమితి ఉండాలి. నిద్ర చాలని ఏ మెదడూ ఆపుకోలేదు, పట్టి ఉంచలేదు. ఏడీహెచ్‌డీ ఉన్న పదహారేళ్ళ పిల్లకు అది రోజూ ఓడిపోయే పోటీ.

ఆడపిల్లల సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. గంతులెయ్యని, కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్లను ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరు. ఆమె పెరిగి పెద్దదై, పొయ్యి మీద పాలు పొంగిపోయిన ప్రతిసారీ, కరెంటు బిల్లు గడువు దాటిన ప్రతిసారీ, ఇల్లు దిద్దుకోవడం రాదనిపించుకుంటుంది. బిడ్డను పరీక్షకు తీసుకొచ్చి, డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ ‘ఇవన్నీ నాకూ ఉన్నాయండీ’ అన్న తల్లులు మాలో ఉన్నారు. పెద్దవాళ్ళకు పరీక్ష చేసే ఓపీ రెండు రాష్ట్రాల్లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో విడిగా నడవాలి.

మా మొదటి పని ఇది. జిల్లాకు ఇద్దరు సభ్యులు బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే తమ జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్తారు. ఏడీహెచ్‌డీ పరీక్ష చెయ్యగల సైకాలజిస్టు అక్కడ ఉన్నారా, వారంలో ఏయే రోజులుంటారు, మిథైల్‌ఫెనిడేట్ దగ్గర్లో ఎక్కడ దొరుకుతుంది అనేవి అడిగి రాసుకొస్తారు. ఆ వివరాలు జోడించి రెండు ప్రభుత్వాల ఆరోగ్య, విద్యా శాఖలకు అర్జీలు పెడతాం. పబ్లిక్ పరీక్షల ఫీజు గడువుకు ముందే అవి అందాలి. చేరడానికి రుసుము లేదు. వచ్చేటప్పుడు మీ పిల్లల పాత నోట్‌బుక్కులు తెండి. ఎక్కడ ఆగిపోతున్నారో టీచర్లూ తల్లిదండ్రులూ కలిసి కూర్చుని పేజీ పేజీ చూద్దాం.