ఫోటోలోంచి కత్తిరించిన మనుషులు

చే గువేరా బొమ్మ చూడనోళ్లు అరుదు. నల్ల టోపీ, దాని మీద చుక్క, చెదిరిన జుట్టు, దూరాన దేన్నో చూసే కళ్లు. గోడల మీదా అదే, మన వాడల్లో కుర్రాళ్ల టీషర్టుల మీదా అదే. మొహంలో తేజస్సు ఉంది కాబట్టే అది విప్లవానికి గుర్తయిందంటారు కొందరు. మేం ఒప్పుకోం.

1960 మార్చి 4న క్యూబాలోని హవానా రేవులో ఆయుధాలు దించుతున్న లా కూబ్ర్ అనే ఫ్రెంచి ఓడ పేలిపోయింది. కాపాడబోయిన వాళ్ల మీద రెండోసారి పేలింది. రేవు కూలీలు, నావికులు, సైనికులు 70 మందికి పైగా చచ్చిపోయారు. మర్నాడు సంతాప సభలో ఆల్బెర్టో కోర్డా తీసిన ఫోటో ఇది. అది సినిమా పోజు కాదు. చనిపోయిన వాళ్ల కోసం రగిలిన దుఃఖం, కోపం.

అసలు ఫోటోలో ఒక పక్క ఇంకో మనిషి మొహం, మరో పక్క చెట్టు ఆకులు ఉన్నయ్. కోర్డా రెంటినీ కత్తిరించాడు. ఆయన పనిచేసే పత్రిక ఆ సభ వార్తతో దాన్ని వెయ్యనే లేదు. ఏళ్ల తరబడి ఆయన గోడకే వేలాడింది. 1967లో ఇటలీ ప్రచురణకర్త ఫెల్ట్రినెల్లి దాన్ని పట్టుకెళ్లాడు. అదే ఏడు అక్టోబర్ 9న బొలీవియాలో నిర్బంధంలో ఉన్న చేని కాల్చి చంపారు. అప్పుడు పోస్టర్లు లేచినయ్. 1968లో విద్యార్థులు వాటిని వీధుల్లోకి మోసుకొచ్చారు. కెమెరా తీసింది ఫోటోనే. గుర్తుగా మార్చింది మోసిన చేతులు.

వ్యాపారి ఊరుకుంటాడా? 2000లో ఆ బొమ్మ స్మిర్నాఫ్ వోడ్కా ప్రకటనకెక్కింది. అన్నాళ్లూ ఆ ఫోటో మీద రాయల్టీ తీసుకోని కోర్డా కోర్టుకెక్కాడు. రాజీలో వచ్చిన 50,000 డాలర్లు క్యూబా పిల్లల వైద్యానికిచ్చాడు. పోరాటానికి వాడుకోండి, తాగుడు అమ్ముకోడానికి కాదన్నాడు.

చేని దేవుణ్ణి చెయ్యమని మేం చెప్పం. లా కబానా కోటలో ఆయన కింద అమలైన మరణశిక్షల గురించీ అడగాల్సిందే. మొక్కే బొమ్మను ఎవడూ ప్రశ్నలడగడు. అందుకే అమ్ముకునేవాడికి అది అంత అనువుగా ఉంటది.

తమ్ముళ్లూ, ఆ చొక్కా వేసుకోండి. కానీ ఆ కళ్లు ఎవరి కోసం అట్లా మండినయ్యో తెలుసుకొని వేసుకోండి. రేవులో చచ్చిన కూలీల్ని వదిలేస్తే మిగిలేది అందమైన మొహం. దాన్ని ఎవడైనా, దేనికైనా అమ్ముకోవచ్చు.