ముందు జాలీ విప్పి చూడండి

"గా పాత డబ్బాలు ఇంకెందుకు బిడ్డా, పాత సామానోనికి ఏసెయ్" అన్నాడు మా నాయిన. పోయిన దసరాకు కందుకూరులో ఇల్లు సర్దుతున్నప్పటి మాట ఇది. డబ్బాలంటే మా ముందరి గదిలోని రెండు చెక్క స్పీకర్లు. టేప్‌డెక్కు, యాంప్లిఫయరుతో కలిపి నాయిన పెళ్ళికి ముందు కొన్న సెట్టు అది. పొద్దున్నే ఘంటసాల పాట పెట్టుకుని గడ్డం గీసుకోవడం ఆయన అలవాటు. రెండేళ్ళుగా స్పీకర్లు బరబరమంటుంటే ఆ అలవాటు పోయింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. అడిగితే "నాకిది సాలు తియ్" అంటాడు.

నేను ఈసీఈ మూడో సంవత్సరం. ఇంట్లో ఇంజినీరు ఉండగా పారెయ్యడమేంటి అనుకున్నాను. దోస్తు వాళ్ళ కారులోంచి తీసేసిన స్పీకర్లు ఊరికే దొరికితే తెచ్చి తగిలించాను. బ్రహ్మాండంగా మోగాయి. బతుకమ్మ పాటలు పెద్ద సౌండుతో పెట్టాం. గంటన్నర అయ్యేసరికి యాంప్లిఫయరు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. తర్వాత కాలిన వాసన. ఆ తర్వాత ఏ సౌండూ లేదు. నాయిన ఏమీ అనలేదు, ప్లగ్గు పీకి పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మెకానిక్ దగ్గరికి మోసుకెళ్తే ఆయన డబ్బా తిప్పి చూపించాడు. "తమ్మీ, వెనకాల ఎనిమిది ఓమ్స్ అని రాసి ఉన్నది చదవలేదా?" కారు స్పీకర్లు సాధారణంగా నాలుగు ఓమ్స్‌వి. పవర్ అంటే వోల్టేజి స్క్వేర్ బై రెసిస్టెన్స్ అని మనం ఇంటర్ నుంచీ రాస్తూనే ఉన్నాం. అదే వోల్టేజికి ఓమ్స్ సగమైతే కరెంటు రెట్టింపు, పవర్ రెట్టింపు. ఆ భారం మోయలేక అవుట్‌పుట్ ఐసీ పోయింది. సూత్రం నాకు కంఠస్థం. డబ్బా వెనక చదవాలన్న బుద్ధి మాత్రం లేదు.

ఐసీ మార్చాక ఆయన పాత స్పీకర్లు కూడా తెమ్మన్నాడు. అదృష్టం, అప్పటికింకా పాత సామానోడికి ఇవ్వలేదు. జాలీ విప్పి, కోను చుట్టూ ఉన్న ఫోమ్ రింగును వేలితో నొక్కాడు. కాలిన అప్పడంలా పొడిపొడిగా రాలింది. "దీని రోగం ఇదొక్కటే" అన్నాడు.

నిజంగా అదొక్కటే. మనం ఇప్పటికీ వింటున్న కాయిల్-కోను స్పీకరు రూపాన్ని రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1925లో ప్రకటించారు. వందేళ్ళలో అందులోని మూలసూత్రం మారలేదు. అయస్కాంతం, రాగి కాయిలు, కాగితపు కోను బాగా చూసుకుంటే దశాబ్దాలు ఉంటాయి. ఆ ఫోమ్ రింగే తేమకూ ఎండకూ పాడవుతుంది. అది పోతే కోను పట్టు తప్పి, కాయిలు అయస్కాంతానికి రాసుకుని బరబరమంటుంది. జనం స్పీకరు ముసలిదైందని పారేస్తారు.

శనివారం బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి పోయి, కొలత చెప్పి రెండు రింగులు, గమ్ము తెచ్చాను. కొత్త సౌండ్‌బార్ మొదటి నెల ఇఎంఐ కన్నా తక్కువే అయింది. కాయిలు సరిగ్గా మధ్యలో నిలబడాలంటే చుట్టూ సన్నటి ముక్కలు దోపాలి. దానికి అమ్మానాన్నల పెళ్ళి ఫొటోల నెగెటివ్‌లో చివరి ఖాళీ ముక్క కత్తిరించాను (అమ్మకు చెప్పకండి). గమ్ము ఒక రాత్రంతా ఆరింది.

కొత్తవి కొనొద్దని నేననను. కోను చిరిగినా, కాయిలు కాలినా, పెట్టె నీళ్ళకు ఉబ్బినా మార్చాల్సిందే. కానీ ముందు రెండు నిమిషాల పరీక్ష చెయ్యండి. వూఫర్ వైర్లకు పెన్సిల్ సెల్ ఒక్క క్షణం ఆనిస్తే కోను కదలాలి. మల్టీమీటరు పెడితే ఎనిమిది ఓమ్స్ స్పీకరుకు ఆరు దగ్గర చూపిస్తుంది. కంగారు పడకండి, అది డీసీ రెసిస్టెన్స్.

మార్చక తప్పకపోతే వాట్లు ఒక్కటే చూసి కొనకండి. ఓమ్స్ కలవాలి. సెన్సిటివిటీ చూడాలి: 90 డెసిబెల్స్‌ది తీసి 87ది పెడితే, అంతే సౌండుకు రెట్టింపు పవర్ కావాలి. పెట్టె కొలతా చూడాలి. ఏ స్పీకరుకు ఎంత పెట్టె అన్న లెక్కను ఆస్ట్రేలియాలో థీల్ 1961లో మొదలుపెడితే, 1970లలో స్మాల్ దాన్ని విస్తరించాడు. పెద్ద అయస్కాంతమున్న ఖరీదైన స్పీకరును తప్పు పెట్టెలో బిగిస్తే బేస్ పెరగడానికి బదులు తగ్గిపోవచ్చు. ప్లస్సు, మైనస్సు ఒక వైపు తారుమారైనా బేస్ మాయమవుతుంది.

నా బాధ స్పీకర్ల గురించి ఒక్కటే కాదు. శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం వచ్చాక మా వైపు భూములు మారాయి, ఇళ్ళు మారాయి. కొత్త ఇంట్లోకి పాత సెట్టు రాదు. మా మండలంలోని మీర్‌ఖాన్‌పేటలోనే 2024 ఆగస్టు 1న యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. సంతోషమే. కానీ ఇప్పుడున్న ల్యాబుల్లో రికార్డులు నింపడమే తప్ప, చెడిపోయిన వస్తువు ఒక్కటైనా మనం విప్పామా? నెలకో శనివారం ల్యాబు తెరిచి, ఊళ్ళవాళ్ళ పాత సెట్లు, మిక్సీలు బాగుచేసే బల్ల ఒకటి పెడదాం. పక్కన మెకానిక్ అన్నలను గురువులుగా కూర్చోబెడదాం. వాళ్ళకు గౌరవ వేతనం కాలేజీ ఇవ్వాలి.

మా యాంప్లిఫయరు ఆక్స్‌కు చిన్న బ్లూటూత్ రిసీవర్ తగిలించాను. అప్‌గ్రేడ్ అంటే అంతే. ఇప్పుడు నాయిన ఫోన్లోంచే పాట పెడుతున్నాడు, పెట్టెల్లోంచి వింటున్నాడు. మొదటి రోజు గడ్డం సగం గీసుకుని ఆగి, "కుడిదాంట్ల జర బొంగురుంది గదరా" అన్నాడు.

నిజమే, ఉంది. ట్వీటర్ కెపాసిటర్ పాతబడి ఉండొచ్చు. వచ్చే సెలవుల్లో అది విప్పుతా.