ఫోకస్ మోడ్ ఆన్ చేశారు సరే, ఇంట్లో ఆన్‌కాల్ ఎవరు?

డిస్ట్రాక్షన్ లేకుండా రాసుకోవడం కోసమే తయారు చేసిన గ్యాడ్జెట్లకు ఇప్పుడు ఒక చిన్న మార్కెట్టే ఉంది. ఈ-ఇంక్ స్క్రీన్, మంచి మెకానికల్ కీబోర్డ్. బ్రౌజర్ ఉండదు, నోటిఫికేషన్లు ఉండవు. 2014లో కిక్‌స్టార్టర్‌లో 'హెమింగ్‌రైట్' పేరుతో మొదలై, తర్వాత 'ఫ్రీరైట్'గా మారిన డివైస్ దీనికి మంచి ఉదాహరణ. ధర వందల డాలర్లలో ఉంటుంది. అంటే తక్కువ పనులు చేసే కంప్యూటర్‌కి ఎక్కువ డబ్బులు కట్టడం అన్నమాట.

ఆ ఐడియాని నేను వెక్కిరించట్లేదు. హార్డ్‌వేర్‌గా చూస్తే నాకూ అలాంటి డివైస్‌లంటే ఇష్టమే. కానీ వాటి యాడ్స్ చూసిన ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది. నిశ్శబ్దం అనేది స్పెక్ షీట్‌లో ఉండే ఫీచర్ కాదు. మన వాటా పని ఇంకెవరో మోస్తేనే అది మనకి దొరుకుతుంది. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే, స్మార్ట్‌ఫోన్ అనేదే లేని రోజుల్లో ఒక నవలా రచయిత ఇంట్లో గడిపిన ఒక నెల గురించి చెప్పాలి.

252 గంటల స్ప్రింట్

కజువో ఇషిగురో పేరు చాలామంది వినే ఉంటారు. 2017లో సాహిత్యంలో నోబెల్ అందుకున్న బ్రిటిష్ రచయిత. 1987 వేసవి నాటికి ఆయనకి 32 ఏళ్లు. రెండో నవలకి మంచి పేరొచ్చింది. పేరుతో పాటు డిన్నర్లు, ప్రయాణాలు, ఉత్తరాలు కూడా వచ్చాయి. దాంతో మూడో నవల దాదాపు ఏడాదిపాటు మొదటి చాప్టర్ దగ్గరే ఆగిపోయింది.

అప్పుడు ఆయన, భార్య లోర్నా కలిసి ఒక ప్లాన్ వేసుకున్నారు. దానికి 'క్రాష్' అని పేరు పెట్టుకున్నారు. నాలుగు వారాలపాటు సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 9 నుంచి రాత్రి 10:30 వరకు రాయడమే పని. లంచ్‌కి ఒక గంట, డిన్నర్‌కి రెండు గంటలు బ్రేక్. ఉత్తరాలు చూడకూడదు, ఫోన్ దగ్గరికి వెళ్లకూడదు, ఇంటికి ఎవరూ రాకూడదు.

లెక్కేస్తే రోజుకి పదిన్నర గంటలు, వారానికి 63, నాలుగు వారాలకి 252. ఆ నెల పూర్తయ్యేసరికి 'ది రిమెయిన్స్ ఆఫ్ ది డే' నవల దాదాపు మొత్తం ఒక రూపానికి వచ్చేసింది. చెక్కుకోవాల్సింది ఇంకా ఉన్నా, అసలు కథంతా చేతికొచ్చింది. 1989లో దానికే బుకర్ ప్రైజ్ వచ్చింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పాయింట్ ఒకటుంది. ఆయన రోజుకి ఇన్ని పదాలని టార్గెట్ పెట్టుకోలేదు. గంటలు ఫిక్స్ చేసుకున్నాడు. మధ్యాహ్నం రాసింది పొద్దున రాసినదానితో కలవకపోయినా పట్టించుకోలేదు. ఇప్పటి రైటింగ్ యాప్‌లన్నీ వర్డ్ కౌంట్ చుట్టూనే తిరుగుతాయి. తెలుగులో రాసేవాళ్లకి ఆ లెక్క అస్సలు కుదరదు. ఇంగ్లిష్‌లో ఐదారు పదాలు పట్టే సంగతిని మనం 'వెళ్లలేకపోయాడు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఇంగ్లిష్ రచయితల 50,000 పదాల టార్గెట్‌ని తెలుగులో పెట్టుకుంటే పని ఎక్కువ, ప్రోగ్రెస్ బార్ మాత్రం నత్తనడక. తెలుగులో రాసేవాళ్లకి టైమర్ చాలు.

లోర్నా డ్యూటీ

ఈ కథని ప్రొడక్టివిటీ వీడియోల్లో పెడితే ఇక్కడితో ఆపేస్తారు. '4 వారాల్లో నోబెల్ రచయిత సీక్రెట్' అని థంబ్‌నెయిల్ కూడా రెడీ. కానీ ఇషిగురో స్వయంగా చెప్పిన ఇంకో విషయం ఉంది. ఆ నాలుగు వారాలూ వంట, ఇంటిపనుల్లో ఆయన వాటా కూడా లోర్నానే చేసింది. అలాగని ఆవిడేం ఖాళీగా లేదు, ఆవిడ పనులు ఆవిడకున్నాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. టీమ్‌లో వంతులవారీగా ఒకరు ఆన్‌కాల్‌లో ఉంటారు. అర్ధరాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే అలర్ట్ వాళ్ల ఫోన్‌కే వెళ్తుంది. మిగతావాళ్లు నిద్రపోతారు. మిగతావాళ్ల ఫోన్లు మోగకపోవడానికి కారణం ఆ ఫోన్ల సెట్టింగ్స్ కాదు. ఆ వారం ఇంకొకరు మేలుకుని ఉన్నారు, అంతే.

ఆఫీసులో కనీసం రొటేషన్ షీట్ ఉంటుంది. ఎవరి వారం ఎప్పుడో అందరికీ తెలుసు. ఇంట్లో ఆ షీట్ లేదు. మన ఇళ్లలో చాలావరకు పర్మనెంట్ ఆన్‌కాల్ అమ్మే. పెళ్లయ్యాక భార్య. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో తలుపేసుకుని, నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'డీప్ వర్క్'లో ఉన్నామంటే, అవతల కాలింగ్ బెల్ ఎవరో ఒకరు అటెండ్ అవుతున్నట్టే. ఆ హెడ్‌ఫోన్స్ మనకి వినపడకుండా చేసినవాటిలో 'ఒకసారి రా' అన్న పిలుపు కూడా ఉంటుంది.

మ్యూట్ చేసినంత మాత్రాన పని ఆగదు

1987లో ఫోన్ ఒక చోట వైరుకి కట్టేసి ఉండేది. దాని దగ్గరికి వెళ్లకపోతే సరిపోయేది. ఇప్పుడు ఇంటి పనులన్నీ ఫోన్‌లోనే. గ్యాస్ సిలిండర్ ఇవ్వాలంటే డెలివరీ కోడ్ చెప్పాలి. కూరగాయల బండికి కూడా యూపీఐ. కొరియర్ అబ్బాయి గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తాడు. మీరు డు నాట్ డిస్టర్బ్ పెడితే ఆ కాల్ మాయమైపోదు, ఇంట్లో ఇంకొకరి నంబర్‌కి వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే, రిక్వెస్ట్ డ్రాప్ అవలేదు, రీడైరెక్ట్ అయింది.

కంపెనీలు ఈ విషయంలో ఏమీ చేయలేదని కాదు. గూగుల్ డిజిటల్ వెల్‌బీయింగ్, యాపిల్ స్క్రీన్ టైమ్ రెండూ 2018లోనే వచ్చాయి. ఐఫోన్‌లో ఫోకస్ 2021లో ఐఓఎస్ 15తో వచ్చింది. ఎవరి కాల్ రావాలో ఎంచుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో రిపీట్ కాలర్స్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే, ఒకే వ్యక్తి 15 నిమిషాల్లోపు రెండోసారి చేసినప్పుడు రింగ్ అవుతుంది. ఐఫోన్‌లో అయితే 3 నిమిషాల్లోపు. ఈ ఒక్క సెట్టింగ్ ఇంట్లోవాళ్లకి చెప్పి పెడితే సగం గొడవలు తగ్గుతాయి. "అర్జెంట్ అయితే రెండుసార్లు చెయ్యి అమ్మా" అంటే చాలు.

కానీ ఇవన్నీ ఒక మనిషి, ఒక ఫోన్ అనే లెక్క మీద నడిచే టూల్స్. ఇంటిని ఒక టీమ్‌గా చూసే ఫీచర్ కావాలి. నేను ఫోకస్ ఆన్ చేసిన రెండు గంటలు ఎవరికి బరువవుతాయో చూపించి, రేపు ఆ రెండు గంటలు వాళ్లకి తిరిగి ఇవ్వమని గుర్తు చేసేది. ఫ్యామిలీ లింక్ లాంటి ఫ్యామిలీ టూల్స్ పిల్లల మీద నిఘా దగ్గర చూపించే తెలివిని పెద్దవాళ్ల మధ్య పని పంచడంలో చూపించవు.

చదవడం, టీవీ శత్రువులేం కాదు

ఇంకో అపోహ కూడా ఉంది. రాయాలంటే చదవడం, టీవీ చూడడం మానేయాలని. ఇషిగురో కథ దానికి ఉల్టా. ఆ నాలుగు వారాలకి ముందు ఆయన బ్రిటిష్ ఇళ్లలో పనిచేసిన సేవకుల గురించీ, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య రాజకీయాల గురించీ చాలా చదివాడు. చదవడం ఎక్కడ ఆపి రాయడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది తెలియాలంటాడు. అంటే రెండూ ఒకేసారి రెండు ట్యాబ్‌లలో పెట్టుకోలేదు.

చదవడానికి ఈ-ఇంక్ రీడర్ నిజంగానే మంచి కొనుగోలు. కంటికి హాయి, బ్యాటరీ వారాలపాటు వస్తుంది. తెలుగు పాఠకులకి మాత్రం ఒక హెచ్చరిక. 2016లో కిండిల్ స్టోర్‌లోకి ఐదు భారతీయ భాషలు తెచ్చినప్పుడు అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఎంచుకుంది. తెలుగుకి చోటు దక్కలేదు. కాబట్టి ఏ రీడర్ కొన్నా, ఏ రైటింగ్ డివైస్ కొన్నా, ముందు మీకు కావాల్సిన తెలుగు పుస్తకాలు దొరుకుతాయా, ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా చూసుకోండి. ఒక్కసారి 'స్త్రీ', 'రాష్ట్రం' టైప్ చేసి చూస్తే తెలిసిపోతుంది.

టీవీ విషయానికొస్తే, నోబెల్ ఉపన్యాసంలో ఇషిగురో చెప్పిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. 2001లో లండన్‌లో తన ఇంట్లో కూర్చుని, హోవర్డ్ హాక్స్ 1934లో తీసిన 'ట్వెంటియెత్ సెంచరీ' సినిమా చూస్తున్నాడు. నటీనటులు గొప్పగా చేస్తున్నా సినిమా తనకెందుకు ఎక్కట్లేదని ఆలోచిస్తే, కథలో మనుషుల మధ్య సంబంధాలు బలంగా లేవని తోచింది. పాత్రల కంటే సంబంధాలు ముఖ్యం అన్న ఆ ఆలోచనతోనే తర్వాత 'నెవర్ లెట్ మీ గో' రాశాడు.

ఇప్పుడు ఇదే సీన్‌ని మన ఇంట్లో ఊహించండి. సినిమా అయిపోగానే కౌంట్‌డౌన్ మొదలవుతుంది, ఇంకేదో ప్లే అవుతుంది. ఈ సినిమా నాకెందుకు నచ్చలేదు అని అనుకునే ఆ రెండు నిమిషాల గ్యాప్‌నే ఆటోప్లే లాగేసుకుంటుంది. నా దృష్టిలో సమస్య టీవీ కాదు, ఆటోప్లేనే. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ సెట్టింగ్స్‌కి వెళ్లి నెక్స్ట్ ఎపిసోడ్ ఆటోప్లే, ప్రివ్యూలు రెండూ ఆఫ్ చేయొచ్చు. యూట్యూబ్‌లోనూ ఆ స్విచ్ ఉంది. సినిమాని పెద్ద స్క్రీన్ మీదే చూడండి, ఫోన్‌లో వద్దు. టీవీకి ఒక చోటు ఉంటుంది. లేచి వెళ్తే అది మన వెంట రాదు.

నా తీర్పు

ఒక నెల సీరియస్‌గా ఏదైనా చేయాలనుకుంటున్నారా? నవలే కానక్కర్లేదు. సైడ్ ప్రాజెక్ట్ కావచ్చు, గేట్ ప్రిపరేషన్ కావచ్చు. ఖరీదైన డివైస్ కంటే ముందు ఒక కాగితం తీసుకోండి. ఆ నెలలో మీ వాటా పనులు ఏమేమిటో రాయండి: బిల్లులు, నాన్న మందులు, వాటర్ క్యాన్, చెల్లిని కాలేజీలో దింపడం. ఒక్కోదాని పక్కన ఎవరు చేస్తారో రాయండి. వాళ్లని అడగండి. తర్వాత నెల వాళ్లకోసం మీరేం చేస్తారో కూడా రాయండి. పేర్లు లేని ఖాళీలు మిగిలితే, మీ ఫోకస్ మోడ్ ఎన్ని రోజులు నిలుస్తుందో మీకే తెలుస్తుంది.

ఆ కాగితం పూర్తయ్యాక కూడా ఫ్రీరైట్ కావాలనిపిస్తే కొనండి, హార్డ్‌వేర్ బాగానే ఉంటుంది. కాకపోతే అన్‌బాక్సింగ్ చేసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి: లోర్నా ఆ బాక్స్‌లో రాదు.